వార్డ్‌రోబ్ సైడ్ ప్యానెల్ ఉబ్బిపోతే మొత్తం పడేయక్కర్లేదు

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదండీ. బెంగళూరు మారతహళ్లిలో ఇల్లు మారారు, ప్యాకర్స్ వాళ్లు మూడు తలుపుల రెడీమేడ్ వార్డ్‌రోబ్‌ను విప్పి తెచ్చి మళ్లీ బిగించి ఎడమ పక్క బాత్రూం గోడకు ఆనేలా పెట్టి వెళ్లారు. ఇప్పుడు ఎడమ పక్క ప్యానెల్ కింది నుంచి జానెడు ఎత్తు వరకు ఉబ్బింది, పైపలకలో మినీఫిక్స్ (పలకల్ని కలిపి బిగించే బోల్టు, దాన్ని పట్టుకునే గుండ్రటి బిళ్ల) కూర్చునే రంధ్రం పగిలింది, ఒక తలుపు హింజ్ ఊడి వేలాడుతోంది, వెనక పల్చటి షీటు బయటికి పొంగింది. కంపెనీ వాళ్లు సైడ్ ప్యానెల్ విడిగా అమ్మేది లేదన్నారు, కార్పెంటర్ వచ్చి చూసి ‘ఇది పార్టికల్ బోర్డు, బాగుపడదు, పడేసి ప్లైతో కొత్తది చేయించుకోండి’ అన్నాడు.

పడేయకండి. నేను పీణ్యా వైపు ప్యానెల్ ఫర్నిచర్ తయారుచేసే యూనిట్‌లో కటింగ్, డ్రిల్లింగ్ పని చాలా ఏళ్లుగా చూస్తున్నాను, ఇలాంటివి బాగు చేయించుకోవడానికి తెచ్చేవాళ్లను తరచూ కలుస్తుంటాను. మీరు చెప్పిన నాలుగు దెబ్బల్లో కొత్త పలక తప్పనిసరిగా కావాల్సింది ఒక్కదానికే, ఆ ఉబ్బిన సైడ్ ప్యానెల్‌కి. పగిలిన రంధ్రం, ఊడిన హింజ్ రిపేరుకి లొంగేవే, వెనక పల్చటి షీటు మార్చినా ఖరీదు తక్కువే. పలక చూడ్డానికి ఎంత అందవికారంగా ఉందన్నది పక్కనపెట్టి, అది ఏ బరువు మోస్తోంది, దేన్ని పట్టి ఉంచుతోంది అని చూడండి, మార్చాలా అతికించాలా అన్నది దాంతోనే తేలుతుంది. తలుపు మూల పగిలితే అది కంటికి మాత్రమే బాధ, సైడ్ ప్యానెల్ అడుగు మెత్తబడితే మొత్తం బీరువా బరువు, బట్టల బరువు, తలుపుల బరువు ఆ మెత్తటి చోటు మీదే నిలబడి ఉంటుంది.

అన్నిటికంటే ముందు నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో తేల్చుకోండి, లేకపోతే కొత్త ప్యానెల్ కూడా వచ్చే వానాకాలానికి ఇదే దారి పడుతుంది. గోడకి అడుగు చదరం పాలిథిన్ కవరు పెట్టి నాలుగు వైపులా టేపు గట్టిగా అతికించి ఒక రోజంతా వదిలేయండి. కవరుకి గోడ వైపు చెమ్మ పట్టిందంటే గోడలోంచే వస్తోంది, అంటే బాత్రూం పైపో టైల్స్ సందులో కారణం, దాన్ని ఓనరుతో మాట్లాడి సరిచేయించాల్సిందే. కవరు గది వైపు మాత్రమే తడిస్తే గదిలో గాలి ఆడడం లేదని. రెండు వైపులా పొడిగా ఉంటే అనుమానం నేల మీదికి పోతుంది. నేను చూసిన వాటిలో చాలావరకు నేల తుడిచే తడే. రోజూ మాప్ పెట్టినప్పుడు ప్యానెల్ అడుగున నీళ్లు చేరతాయి, ఫ్యాక్టరీలో కనిపించే అంచులకి ప్లాస్టిక్ టేపు వేసి నేలకి ఆనే అంచుని పచ్చిగా వదిలేయడం మామూలు, ఆ పచ్చి అంచు నీళ్లని పైకి పీల్చుకుంటూ పోతుంది.

ఉబ్బిన బోర్డు ఎండితే మళ్లీ మామూలుగా అవుతుందా అని అడిగారు. అవదు. పార్టికల్ బోర్డు అంటే చెక్క ముక్కల పొడిని యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురుతో కలిపి, వేడి ప్రెస్సులో గట్టిగా నొక్కి తయారుచేసిన పలక. నీళ్లు తగిలినప్పుడు నొక్కిపెట్టిన ఆ ముక్కలు విడివడి తమ అసలు సైజుకి లేస్తాయి, పైగా ఆ జిగురుకి కూడా నీళ్లు పడవు, పట్టు వదిలేస్తుంది. ఎండలో పెడితే తడి పోతుంది కానీ విడిపోయిన ముక్కలు మళ్లీ అతుక్కోవు. కొందరు ఉబ్బిన చోట రుద్ది సమం చేస్తారు, దయచేసి ఆ పని చేయకండి, పైనున్న లామినేట్ పొర పోయి తర్వాత గాలిలో తేమకే ఉబ్బడం మొదలవుతుంది.

ఎంతవరకు పాడైందో చూడ్డానికి సన్న మేకు తీసుకుని కింది నుంచి పైకి రెండు అంగుళాలకోసారి లోపలివైపు గుచ్చి చూడండి. చేత్తో నొక్కితేనే మేకు దిగిపోతున్నంత మేర ప్యానెల్ చచ్చిపోయినట్టే లెక్క. ఆ మెత్తదనం అట్టడుగు పలక చేరే మినీఫిక్స్ రంధ్రం కంటే కిందే ఆగిపోయి ఉంటే ఇంకో దారి ఉంది. రెండు సైడ్ ప్యానెళ్లనీ, నడిమి నిలువు పలక నేల దాకా ఉంటే దాన్ని కూడా, కింద సమానంగా కోసేసి, అడుగున డబ్ల్యూపీసీ (చెక్క పొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన) బోర్డుతో ఓ పీట లాంటి బేస్ చేయించి దాని మీద కూర్చోబెట్టడం. డబ్ల్యూపీసీకి నీళ్లంటే భయం లేదు, వార్డ్‌రోబ్ ఎత్తు కూడా మారదు. మీకు జానెడు ఎత్తు వరకు వచ్చింది అన్నారు కాబట్టి అది అడుగు పలక కీలుని దాటేసి ఉంటుంది, అందుకే కొత్త ప్యానెల్ అంటున్నాను.

కొత్త ప్యానెల్ కొలతలు తీయడంలోనే పని అంతా ఉంది. విప్పే ముందు అన్ని వైపులా ఫోటోలు తీసి, ప్రతి పలక లోపలి ముఖం మీద మాస్కింగ్ టేపు అంటించి ‘ఎడమ, పైన, ముందు’ అని రాసుకోండి. తలుపులు, అరలు ముందు తీసేసి, ఇద్దరు పట్టుకుని బీరువాని వీపు మీద పడుకోబెట్టి విప్పండి, నిలబెట్టి ఒక పక్క ప్యానెల్ లాగితే మొత్తం పక్కకి ఒరుగుతుంది. మినీఫిక్స్ బిళ్లని స్క్రూడ్రైవర్‌తో అపసవ్యంగా సుమారు సగం చుట్టు తిప్పితే బోల్టు తల వదిలేస్తుంది. వదలకపోతే సుత్తితో కొట్టకండి, బిళ్ల మీద బాణం గుర్తు ఉంటుంది, అది పలక అంచు వైపు చూస్తే తెరుచుకున్నట్టు.

మందం వెర్నియర్‌తోనే (సన్నటి తేడాల్ని కూడా చూపించే కొలత పరికరం) కొలవండి, టేపుతో కాదు, అదీ ఉబ్బని చోట. 15, 16, 18 మిల్లీమీటర్లు మూడూ మార్కెట్లో తిరుగుతున్నాయి. సైడ్ ప్యానెల్ విషయంలో మీకు కొంచెం వెసులుబాటు ఉంది. పైపలక రెండు సైడ్ ప్యానెళ్ల మధ్యలో ఇమిడే రకమైతే, పాతది 16 ఉండి కొత్తది 18 వేసినా లోపలి వెడల్పు మారదు, బయటికి రెండు మిల్లీమీటర్లు ఎక్కువ వస్తుంది, తలుపు పక్కన ఆ సన్న గీత కనబడుతుంది, అంతే. అదే అడ్డ పలక మార్చేటప్పుడైతే మందం అచ్చంగా అదే ఉండాలి, ఎందుకంటే బోల్టు దాని అంచు మధ్యలోంచి పోతుంది, మందం మారితే ఆ మధ్యగీత జరిగిపోయి పలకలు మెట్టు పడతాయి.

రంధ్రాల గుర్తులకి బాగున్న కుడి ప్యానెల్ చూస్తారు కదా, అక్కడే చాలామంది బోల్తా పడతారు. ఎడమది కుడిదానికి అద్దంలో ప్రతిబింబం. కుడి ప్యానెల్‌ని చూసి ఉన్నదున్నట్టు వేయించారంటే మీకు రెండు కుడి ప్యానెళ్లు వస్తాయి. కుడి ప్యానెల్ లోపలి ముఖం మీద పాత క్యాలెండర్ కాగితాలు అతికించి పరిచి, పెన్సిల్ పడుకోబెట్టి రుద్దితే రంధ్రాలన్నీ గుండ్రంగా కాగితం మీద తేలతాయి, ఆ కాగితాన్ని తిరగేసి కొత్త పలక లోపలి ముఖం మీద పరిస్తే ఎడమదాని గుర్తులు వచ్చేస్తాయి. కాగితం సాగుతుంది, ముడత పడుతుంది, కాబట్టి దాన్ని దారి చూపడానికే వాడి, అసలు కొలతలు మళ్లీ టేపుతో తీసుకోండి. అన్నీ పై అంచు నుంచీ, ముందు అంచు నుంచీ మాత్రమే కొలవాలి. ఒక రంధ్రం నుంచి ఇంకో రంధ్రానికి కొలుచుకుంటూ పోతే చిన్న చిన్న తేడాలు కలిసి కిందికొచ్చేసరికి అర వంకర అవుతుంది. పాత ఎడమ ప్యానెల్ కింది భాగం ఉబ్బినా పై భాగం బాగానే ఉంటుంది కదా, కొలతలు దానితో కూడా పోల్చుకోండి.

మీకో లెక్క చెప్తాను, కొలతలు సరిచూసుకోవడానికి పనికొస్తుంది. ఇప్పుడు వచ్చే ఇలాంటి ఫర్నిచర్‌లో చాలావరకు 32 మిల్లీమీటర్ల పద్ధతిలో ఉంటుంది. అరల పిన్నుల రంధ్రాలు, హింజ్ ప్లేటు స్క్రూల రంధ్రాలు 5 మిల్లీమీటర్ల వ్యాసం, ఒకదానికొకటి 32 దూరం, ముందు అంచు నుంచి మొదటి వరస 37 దూరం. మీరు కొలిస్తే 36 అనో 38 అనో వస్తే దాదాపు అది 37 అనే అనుకుని ఇంకోసారి కొలవండి. చెక్క డోవెల్ (పలకల్ని కలిపే గుండ్రటి చెక్క మేకు) సాధారణంగా 8 మిల్లీమీటర్లు, మినీఫిక్స్ బిళ్ల 15, తలుపులో హింజ్ కప్పు 35. కొన్ని కంపెనీలు సొంత కొలతలు వాడతాయి కాబట్టి చివరి మాట మాత్రం మీ చేతిలోని పలకదే.

ఇక ఏ బోర్డు వేయించాలి. బెంగళూరులో మైసూరు రోడ్డు టింబర్ యార్డ్ లేఅవుట్‌లో ప్లై, బోర్డు షాపులు వరసగా ఉంటాయి, మీ వైపు నుంచి దూరమే కానీ కటింగ్, ఎడ్జ్ బ్యాండింగ్ (అంచులకి టేపు అతికించే) మెషిన్లు ఉన్నవాళ్లు అక్కడ దొరుకుతారు. మీ ఏరియాలో మాడ్యులర్ కిచెన్ చేసే చిన్న వర్క్‌షాపు ఉంటే అదీ సరిపోతుంది, వాళ్ల దగ్గర మిగిలిపోయిన ముక్కల్లో మీ సైజు దొరికిందంటే మొత్తం ఎనిమిది బై నాలుగు అడుగుల షీటు కొనే పని తప్పుతుంది, ముందు అదే అడగండి. బాత్రూం గోడ పక్కన కాబట్టి మామూలు పార్టికల్ బోర్డు మళ్లీ వద్దు. రెండు వైపులా లామినేట్ వేసి వచ్చే హెచ్‌డీహెచ్ఎంఆర్ అనే చిక్కటి ఫైబర్ బోర్డు మీ పనికి బాగా సరిపోతుంది, తేమని తట్టుకుంటుంది, స్క్రూ పట్టు బాగుంటుంది. బరువు మాత్రం ఎక్కువ, రెండు మీటర్ల ఎత్తు, 60 సెంటీమీటర్ల వెడల్పు, 18 మందం ఉన్న పలక పార్టికల్ బోర్డులో సుమారు 15 కిలోలైతే దీంట్లో 18 దాటుతుంది. ప్లై వేయించాలనుకుంటే ఐఎస్ 710 ముద్ర ఉన్నది (నీటిని తట్టుకునే మెరైన్ ప్లై) తీసుకుని రెండు ముఖాలకీ మైకా వేయించండి. ఒక ముఖానికే మైకా వేసి రెండోది పచ్చిగా వదిలేస్తే ఇంత పొడుగు పలక విల్లులా వంగుతుంది, అప్పుడు తలుపులు ఎప్పటికీ సరిగ్గా పడవు. డబ్బు మిగులుతుందని కార్పెంటర్ చెప్పినా దీనికి ఒప్పుకోకండి.

రంగు విషయం. తెలుపులోనే బోలెడు తెలుపులు ఉన్నాయి. పాత వార్డ్‌రోబ్‌లోంచి ఓ చిన్న అర తీసుకెళ్లి, షాపు ట్యూబులైటు కింద కాకుండా బయట పగటి వెలుగులో పోల్చి చూడండి. మీ ప్యానెల్ బయటి ముఖం గోడ వైపే ఉంటుంది కాబట్టి ఎవరికీ కనబడేది ముందు అంచు ఒక్కటే, అక్కడ వేసే టేపు రంగు కలిస్తే చాలు.

ఇంటికి వచ్చి చేత్తో పట్టే కట్టర్‌తో కోస్తానంటే వద్దనండి. లామినేట్ అంచు పళ్లు పళ్లుగా లేస్తుంది. ముందు చిన్న బ్లేడు గీసి తర్వాత పెద్ద బ్లేడు కోసే ప్యానెల్ సా మీద కోయించండి, వెనక షీటు దూరే గాడి ఉంటే అది కూడా అదే మెషిన్ మీద వేయించుకోవచ్చు, గాడి వెడల్పు, లోతు, వెనక అంచు నుంచి దూరం మూడూ రాసిచ్చి. ఎడ్జ్ బ్యాండింగ్ నాలుగు అంచులకీ వేయమనండి, నేలకి ఆనే అంచుతో సహా. ‘కింద కనబడదు కదా సార్’ అంటారు, పట్టుబట్టండి, మీ సమస్య మొదలైందే అక్కడ. ముందు అంచుకి 2 మిల్లీమీటర్ల టేపు, మిగతావాటికి 0.8 చాలు. కోసే కొలత ఇచ్చేటప్పుడు టేపు మందం కలిపి చెప్తున్నారో తీసేసి చెప్తున్నారో అడిగి ఖాయం చేసుకోండి.

డ్రిల్లింగ్ మీరే చేసుకునేటట్టయితే బిట్టుకి కావలసిన లోతు దగ్గర టేపు ముక్క చుట్టండి, 18 మందంలో 12, 13 దాటితే అవతలి లామినేట్ ఉబికి పొక్కు లేస్తుంది. బోల్టు దిగే రంధ్రం వంకర పోకుండా చిన్న స్టాండు గానీ గైడ్ గానీ వాడితే మంచిది. ముక్కుకి ఎన్95 మాస్కు తప్పకుండా పెట్టుకోండి, ఈ బోర్డుల పొడి మామూలు చెక్క పొడి కంటే సన్నం, జిగురు కూడా కలిసి ఉంటుంది.

ఇప్పుడు ఆ పగిలిన మినీఫిక్స్ రంధ్రం. మామూలుగా అయితే పొడి అంతా గీకి, అరాల్డైట్‌లో (రెండు ట్యూబులు కలిపి వాడే ఎపాక్సీ జిగురు) చెక్క పొడి కలిపి నింపి, ఒక రోజంతా గట్టిపడనిచ్చి మళ్లీ డ్రిల్ చేయమంటాను. మీకు ఇంకా మంచి అవకాశం ఉంది. సైడ్ ప్యానెల్ ఎలాగూ కొత్తది, దాని మీద ఇంకా ఒక్క రంధ్రం కూడా లేదు. కాబట్టి పైపలకలో పగిలిన చోటుని అరాల్డైట్‌తో నింపి వదిలేసి, అక్కణ్ణుంచి 60, 70 మిల్లీమీటర్లు ముందుకో వెనక్కో జరిగి గట్టిగా ఉన్న చోట కొత్త రంధ్రం వేయండి, సైడ్ ప్యానెల్‌లో కూడా బోల్టుని దానికి ఎదురుగా పెట్టండి. అంచు నుంచి బిళ్ల మధ్యకి ఉండే దూరం మీ బోల్టు పొడుగుని బట్టి ఉంటుంది, మామూలుగా 34 గానీ 24 గానీ, బాగున్న రంధ్రాన్ని కొలిచి అదే వేయండి. అందుకే చెప్తున్నాను, కొత్త ప్యానెల్‌లో డ్రిల్లింగ్ అయ్యేముందే పైపలక పరిస్థితి చూసుకోవాలి. ఫెవికాల్ గురించి ఒక మాట, అది పైపొర ఏదీ లేని ఉత్త చెక్క మీదే పట్టుకుంటుంది, లామినేట్ ముఖం మీద పూసి నొక్కితే ఎండాక పొరలాగా ఊడొస్తుంది. పైగా డోవెళ్లకి జిగురు పెడితే రేపు మళ్లీ ఇల్లు మారేటప్పుడు విప్పలేరు, అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకి నేను జిగురు వద్దనే చెప్తాను.

హింజ్ ఊడిన తలుపుకి రంధ్రాల్లో అగ్గిపుల్లలు కుక్కి అదే స్క్రూ బిగిస్తారు, ఆర్నెల్లు కూడా ఆగదు, ఎందుకంటే చుట్టూ ఉన్న బోర్డే పొడి అయిపోయి ఉంటుంది. హింజ్ రిపేర్ ప్లేటు అని స్టీలుది హార్డ్‌వేర్ షాపుల్లో, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, పాడైన చోటు మీదుగా కప్పుకుని స్క్రూలు దూరంగా గట్టి చోట పడతాయి. స్క్రూలు 16 మిల్లీమీటర్ల పొడుగువి చాలు, అంతకంటే పొడుగైతే బయటికి పొడుచుకొస్తాయి. డ్రిల్ మెషిన్‌తో బిగించకండి, ఈ బోర్డులో స్క్రూ పట్టు సగం చోట్ల పోయేది ఆఖరి క్షణంలో మెషిన్ ఒక్కసారి ఎక్కువ తిరగడం వల్లే, చివరి రెండు చుట్లు చేత్తో తిప్పండి.

వెనక షీటుని చాలామంది లెక్కచేయరు. మూడు మిల్లీమీటర్ల పల్చటి షీటే కానీ బీరువా పక్కకి ఊగకుండా నిలబెట్టేది అదే. మీ పైపలక రంధ్రం పగలడానికి కూడా బహుశా ఇదే కారణం, వెనక షీటు సరిగ్గా బిగించకుండా బీరువాని నెట్టి ఉంటారు, ఆ ఊపు అంతా మినీఫిక్స్ మీద పడి ఉంటుంది. పాతది పొంగితే సరిచేయడానికి ప్రయత్నించకుండా కొత్తది కోయించండి, ఖరీదు తక్కువే. గాడిలో దూరే రకమైతే అదే మందం, వెనక నుంచి మేకులు కొట్టే రకమైతే 6 మిల్లీమీటర్ల ప్లై వేస్తే బీరువా ముందుకంటే గట్టిగా నిలబడుతుంది. బిగించే ముందు మూల నుంచి మూలకి రెండు వైపులా టేపుతో కొలవండి, రెండూ సమానంగా వచ్చేదాకా చేత్తో సర్ది, అప్పుడు 15, 20 సెంటీమీటర్లకో చిన్న స్క్రూ వేయండి. తలుపులు వంకరగా పడుతున్నాయని హింజ్‌ల స్క్రూలు తెగ తిప్పేవాళ్లని చూస్తుంటాను, ఈ రెండు కొలతలు సమానంగా ఉండి నేల మట్టంగా ఉంటే ఆ తిప్పుడు చాలావరకు అవసరం పడదు.

మీరు చివర్లో అర మధ్యలో వంగిందని కూడా రాశారు. దాన్ని తిరగేసి పెడితే కొన్నాళ్లు గడుస్తుంది, ముందు అంచు కింద పొడుగునా ఒక చెక్క రీపర్ (సన్నటి బద్ద) స్క్రూలతో బిగిస్తే ఇంకా మంచిది. మార్చాలనుకుంటే, అర పిన్నుల మీద కూర్చునేదే కాబట్టి మందం మార్చినా ఇబ్బంది లేదు, 18కి బదులు 25 వేయించండి. వంపుని తట్టుకునే బలం మందం ఘనంతో పెరుగుతుంది, ఆ ఏడు మిల్లీమీటర్లకే రెండున్నర రెట్లు దాటుతుంది.

చిన్న సామాను కోసం కొత్తవి కొనే ముందు మీ మాన్యువల్ తీయండి. ఐకియా లాంటి వాళ్ల మాన్యువల్‌లో ఒక్కో స్క్రూ, బోల్టు బొమ్మ పక్కన ఒక నంబరు ఉంటుంది, దాంతో స్పేర్ పార్టులు అడగొచ్చు. నాగసంద్ర స్టోరు దాకా వెళ్లేటట్టయితే ఆ నంబర్లు రాసుకుని వెళ్లండి. వేరే కంపెనీ అయితే పాత బోల్టు ఒకటి జేబులో వేసుకుని హార్డ్‌వేర్ షాపుకి వెళ్లి ‘మినీఫిక్స్’ అని అడిగితే చాలు, ఇక్కడ అందరికీ తెలిసిన పేరు అదే. ప్యాకర్స్ వాళ్లు చేసిన నష్టానికి ఇంకా పరిహారం అడిగే ఉద్దేశం ఉంటే పాత ప్యానెల్ పడేయకముందే ఫోటోలు, వాళ్ల బిల్లు దాచుకోండి, వాళ్లు పలకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయొచ్చు.

మళ్లీ నిలబెట్టాక గోడకి రెండు అంగుళాలు దూరంగా జరపండి, కింద ప్లాస్టిక్ బుష్‌లు గానీ సర్దుబాటు కాళ్లు గానీ పెట్టి నేల నుంచి కనీసం ఓ వేలు మందం లేపండి. పైన ఎల్ బ్రాకెట్‌తో గోడకి కట్టేయండి, ఆ రెండంగుళాల సందుకి సరిపడా చెక్క ముక్క మధ్యలో పెట్టి. ఇంట్లో చిన్నపిల్లలున్నారన్నారు కాబట్టి ఇది మాత్రం వాయిదా వేయకండి. అమెరికాలో సొరుగుల బీరువాలు పిల్లల మీద పడి ప్రాణాలు పోయాకే ఐకియా 2016లో దాదాపు 2 కోట్ల 90 లక్షల బీరువాలని వెనక్కి పిలిచింది. తలుపులన్నీ ఒకేసారి తెరిస్తే బరువు ముందుకి పడేది మీ వార్డ్‌రోబ్‌లో కూడా ఉంటుంది, హెచ్‌డీహెచ్ఎంఆర్ వేశాక ఇంకాస్త బరువెక్కుతుంది కూడా. ఓనరు గోడకి రంధ్రం వద్దంటే ఆయనకి ఈ విషయమే చెప్పండి, ఖాళీ చేసేటప్పుడు పుట్టీ పెట్టి ఇస్తామనండి.

ప్యానెల్ ఎత్తు, వెడల్పు, బాగున్న చోట మందం, వెనక షీటు గాడిలో దూరుతోందా మేకులతో ఉందా, ఈ నాలుగూ కొలిచి రాయండి, కుడి ప్యానెల్ లోపలి ముఖం ఫోటో ఒకటి టేపు పక్కన పెట్టి తీసి పంపండి. షాపు వాళ్లకి ఇవ్వడానికి డ్రిల్లింగ్ స్కెచ్ నేను గీసిస్తాను.